జూలీ రిసెప్షన్‌కి మందు

గాడ్విన్ మందు షాపు ముందరి తలుపులోంచి లోపలికి పోయి చాలాసేపైంది. అడ్వాన్సు డబ్బు తల్లి దగ్గర తీసుకుని, పది నిమిషాలు అన్నాడు. ఆర్డర్ చెప్పి, కేసులు చూసుకుని, అడ్వాన్సు కట్టి వచ్చేస్తాను, నువ్వు ఆటోలోనే కూర్చోమ్మా అన్నాడు. ఆగ్నెస్ కూర్చుంది, రోడ్డుకు ఇవతల బేకరీ పందిరి కింద నిలబెట్టిన మునియప్ప ఆటోలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, బంగారుపేటలో తనను గుర్తుపట్టేవాళ్ళు ఎవరుంటారులే అనుకుంటూనే ముఖం కాస్త పక్కకు తిప్పుకుని. వచ్చినప్పుడు ఆటో అంతా నీడలోనే ఉంది. ఇప్పుడు ఎండ జరిగి జరిగి ఆమె పాదాల మీదికి వచ్చింది, బొటనవేళ్ళు చురుక్కుమంటున్నాయి, అయినా వాటిని లోపలికి లాక్కోలేదు, కదిలితే కళ్ళు ఆ తలుపు మీంచి తప్పుతాయేమోనని. షాపు ముందర ఇనుప కమ్మీల్లోంచి మగవాళ్ళు చేతులు దూర్చి సీసాలు అందుకుంటున్నారు, లుంగీ మడతలోనో ప్యాంటు జేబులోనో దోపుకుని తల వంచుకుని పోతున్నారు. ఆ తల వంచుకోవడం ఆమెకు కొత్త కాదు. కొత్తది ఏమిటంటే తను ఇక్కడికి రావడం, డబ్బు చేతిసంచిలో పెట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని, కూతురి పెళ్ళి పేరు చెప్పి. నేనూ వస్తాను, జూలీకి రిబ్బన్లు కొనాల అని అబద్ధం చెప్పింది పొద్దున. వాడికి తెలుసు అది అబద్ధమని. తెలిసినా రావద్దని అనలేదు. షర్టు ఇస్త్రీ చేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు, ఆటోలో ఆమె పక్కన మోకాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు, ప్రార్థన కూటానికి పోతున్నట్టు.

పోయిన క్రిస్మస్‌కి ముందు నుంచి వాడు మందు ముట్టలేదు. అంటే క్రిస్మస్ గడిచింది, ఈస్టర్ గడిచింది, ఎండలు ముదిరాయి, వచ్చే శనివారం జూలీ పెళ్ళి. ఇన్నాళ్ళూ సాయంత్రం వేమగల్ ఫ్యాక్టరీ బస్సు దిగి వాడు ఇంట్లోకి రాగానే ఆగ్నెస్ ఏదో ఒక వంకతో దగ్గరికి పోయేది, కాలర్ మీద దారం ఉందనో, చెమట పట్టిందనో, తుడుస్తున్నట్టు తుడుస్తూ ముక్కుతో గాలి పీల్చేది. మెషీను నూనె వాసన వస్తే లోపల స్తోత్రం చెప్పుకునేది. వాడు కదలకుండా నిలబడేవాడు, మెడ కాస్త ఎత్తి, ఆమె వాసన చూడటం అయ్యేదాకా. ఎన్నడూ కోప్పడలేదు. వాడు కోప్పడి ఉంటే బాగుండేది, ఇప్పుడు అనిపిస్తుంది, నన్ను నమ్మవా అని ఒక్కసారి అరిచి ఉంటే. అట్లా మెడ ఎత్తి నిలబడటంలో నమ్మకపోవడమే సరి అని వాడే ఒప్పుకుంటున్నట్టు ఉండేది.

అసలు మందు మాట ఎత్తింది పెళ్ళికొడుకు ఆస్టిన్ వాళ్ళ నాన్న. నిశ్చయం మాట్లాడటానికి వచ్చినప్పుడు కేకు ముక్క చేత్తో పట్టుకుని, ఇంట్లో గోడలు చూస్తూ, డ్రింక్స్ అరేంజ్‌మెంట్ మీదే కదా సిస్టర్ అన్నాడు, హాలుకు కుర్చీలు వస్తాయి కదా అన్నంత మామూలుగా. వాళ్ళదీ ఒకప్పుడు కోరమాండల్ లైన్లే, గని కూలీలకు కట్టిన ఒకే గది ఇల్లు, ఒకే కుళాయి. బంగారు గనులు మూయకముందే బెంగళూరుకు పోయి బాగుపడ్డారు, ఇప్పుడు ఆయన మాటల్లో సగం ఇంగ్లీషు. ఆగ్నెస్ టీ గ్లాసు కింద పెట్టింది. మా ఇంట్లో అది లేదండీ అని చెప్పడానికి నోరు తెరవబోయింది, ఎందుకు లేదు అంటే ఏం చెప్పాలి, గోడ మీద భర్త ప్రేమరాజు ఫోటో, దండ, ఫోటోలో నవ్వుతున్న ఆ మనిషి ఎట్లా పోయాడో ఈయనకు తెలియదా, తెలుసు, లైన్లలో అందరికీ తెలుసు, తెలిసే అడుగుతున్నాడు, లేదా తెలిసినా అది ఒక కారణమని ఆయనకు తట్టలేదు. ఎందుకంటే మగవాళ్ళు పోయేది అట్లాగే కదా కె.జి.ఎఫ్‌లో, ఒకరు రాతి దుమ్ముతో, ఒకరు మందుతో. జూలీ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ పిల్ల ముఖం చూసి ఆగ్నెస్ మాదే లెండి అంది. ఆయన పోయిన తర్వాత జూలీ గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది, "నాకేమీ వద్దమ్మా. నగ వద్దు, పెద్ద హాలూ వద్దు. ఆ ఒక్కరోజు మాత్రం వాళ్ళు మనల్ని చూసి పాపం అనకూడదు. అంతే." రోజూ తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరుకు పోయి, పగలంతా బట్టల కొట్లో నిలబడి, నిలబడే ఇంటికి వచ్చే పిల్ల. అది అడిగింది ఒక్కటే. పాపం అనిపించుకోకపోవడం.

చర్చి హాల్లో అయితే వద్దమ్మా అన్నారు పాస్టరు అయ్యగారు, మెల్లగానే, కోపం లేకుండా. అందుకని రాబర్ట్‌సన్‌పేటలో వేరే హాలు. ఆ హాలు వాళ్ళు ఒక్కరోజు లైసెన్సు తెమ్మన్నారు. బెంగళూరు నుంచి మందు పోసేవాళ్ళను, గ్లాసులు, బల్లలతో సహా పంపే మనిషిని అడిగితే బిరియానీ వంటవాడి కంటే ఎక్కువ చెప్పాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆగ్నెస్, జూలీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే గాడ్విన్ చెయ్యి కడుక్కుని వచ్చి, నేను చెప్తాను వినండి అన్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో విన్నది ఆ గొంతు.

"పొద్దస్తమానం పోస్తా ఉంటే ఆస్తులమ్మినా చాలదు. కేకు కోసినాక తెరిచేది, బిరియానీ వడ్డించేటప్పుడు మూసేది. బల్లల మీద బాటిళ్ళు పెట్టేది లేదు, పెడితే ఆ బల్ల మీద అది అయిపోయేదాకా ఎవరూ లేవరు. ట్రేల్లో తిప్పేది కూడా లేదు, సగం తాగి సగం వదిలేస్తారు. కావాల్సినోళ్ళు లేచి కౌంటరు దగ్గరికి రావాల. లేచి రావాలంటే సగం మంది రారు. బీరు, ఒక విస్కీ, ఒక రమ్ము, అంతే, ఇంగేమీ వద్దు. టోస్టుకి అమ్మ చేసే గ్రేప్ వైన్ చాలు, దాన్ని మించింది బెంగళూరులో లేదు. ఐసు మాత్రం దండిగా పెట్టాల, ఐసు చవక, గ్లాసు నిండుగా కనపడతాది. మూత తీయని బాటిళ్ళు వాపసు తీసుకునే షాపులోనే కొనాల, బంగారుపేటలో ఉండాది ఒకటి."

జూలీ నవ్వింది. "ఇంగ పోసేది ఎవరు?"

"నేను లేనా?" అన్నాడు గాడ్విన్.

అన్నం గిన్నె మీద మూత పెడుతున్న ఆగ్నెస్ చెయ్యి ఆగింది. అప్పుడే చెప్పాల్సింది. వద్దప్పా, నువ్వు మాత్రం వద్దు అని ఆ క్షణంలోనే చెప్పాల్సింది. కానీ వాడి ముఖంలో వెలుగు ఉంది, ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో అందరూ వాడికి చెప్పేవాళ్ళే, ఇది చెయ్యి, అది చెయ్యకు, ఇక్కడ పడుకో, అక్కడికి పోకు. వాడు చెప్తే వినడం ఆ రోజే. చెల్లెలికి అన్నగా వాడు ఇవ్వగలిగింది ఏమిటి, ఫ్యాక్టరీ జీతం వాడి పాత అప్పులకే పోతుంది, చేతిలో మిగిలింది ఆ పనితనం ఒక్కటే, బెంగళూరు హోటలు బారులో తెల్ల షర్టు, నల్ల బో టై కట్టుకుని నేర్చుకున్నది. అది వద్దంటే వాడికి ఏముంది. జూలీ కూడా తల్లి వైపు చూసింది, ఇద్దరికీ ఒకటే భయం, ఇద్దరూ దాన్ని మింగేశారు. వంటవాడి కంటే ఎక్కువ అడిగే మనిషి గుర్తొచ్చాడు కాబట్టి కూడా మింగారు. అది నిజం. భయాన్నీ డబ్బునూ పక్కపక్కన పెట్టి చూసుకుని, భయాన్నే వదిలేశారు.

లైసెన్సు వాడే తెచ్చాడు. సెలవు పెట్టి ఆఫీసు చుట్టూ తిరిగి, వరసలో నిలబడి, ఫోటోలు అంటించి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆమెకు చదవడానికి మనసు రాలేదు, బైబిలు పక్కన పెట్టలేక బీరువాలో చీరల కింద పెట్టింది.

"టీ తాగుతావా ఆగ్నెసమ్మా?" ముందు సీటులోంచి మునియప్ప అడిగాడు.

"వద్దన్నా."

"ఇంగ వస్తాడులే. పెళ్ళి ఆర్డర్ కదా, లెక్కలు చూసుకునేదానికి టైం పడతాది."

మునియప్ప ప్రేమరాజుతో పాటే ఛాంపియన్ రీఫ్ గనిలో దిగేవాడు. ప్రేమరాజుది భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని, మునియప్పది ఆ దుంగలు మోసే పని. గనులు మూశాక వచ్చిన డబ్బుతో మునియప్ప ఆటో కొన్నాడు. ప్రేమరాజు ఏమి కొన్నాడు? ఏమీ కొనలేదు. జూలీ పేరు మీద కొంత వేద్దామన్నాడు, వేశాడు, మళ్ళీ తీశాడు. ఒక సంవత్సరం బెంగళూరులో సెక్యూరిటీ పని చేశాడు, ఎవరింటి గేటో కాపలా కాయడం నాకు రాదు అని తిరిగొచ్చేశాడు. వడ్రంగం వచ్చు కదా, ఆ చేతులు ఊరికే ఉండేవి కావు. లైన్లలో ఎవరి తలుపు వాలినా, ఎవరి మంచం కోడు విరిగినా, ఎవరి కప్పు దూలం కుంగినా ప్రేమరాజును పిలిచేవాళ్ళు. అందరివీ కూలిపోతున్న ఇళ్ళే, అందుకని పనికి కొదవ లేదు. కూలీ ఇవ్వడానికి మాత్రం ఎవరి దగ్గరా డబ్బులు లేవు. డబ్బులు లేనివాళ్ళ ఇంట్లో కూడా ఒక క్వార్టరు సీసా ఉండేది, సగం నిండినదో పావు నిండినదో. ప్రేమరాజన్నా, ఇది తీసుకో అని ప్రేమతోనే పోసేవాళ్ళు. ఒక తలుపుకు ఒక గ్లాసు, ఒక మంచానికి రెండు. ఊరంతా కలిసి ఆయనను తాగించింది, ఎవరికీ చెడు చేయాలని లేదు, అందరికీ ఆయన మీద ఇష్టమే. ఆగ్నెస్ ఎవరి మీద కోప్పడాలి? ఆయన కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. తాగి వచ్చి కీర్తనలు పాడేవాడు, శ్రుతి తప్పకుండా, పక్కింటివాళ్ళు కూడా వినేవాళ్ళు. చివరికి కళ్ళు పసుపుపచ్చగా, కడుపు ఉబ్బి, ఆసుపత్రి మంచం మీద, మంచం కోడు కదులుతా ఉండాది, ఒక మేకు తెచ్చియ్యి అన్నాడు. మేకు తేలేదు. ఏ ఆసుపత్రిలో ఇస్తారు మేకు.

గూడ్సు బండి ఒకటి స్టేషను దాటుతున్న చప్పుడు, పెట్టె తర్వాత పెట్టె, అయిపోతుందేమో అనుకుంటే ఇంకా. తలుపు తెరుచుకుంది. ఆగ్నెస్ ముందుకు వంగింది. ఖాళీ అట్టపెట్టెలు పట్టుకుని ఎవరో బయటికి వచ్చాడు, గాడ్విన్ కాదు. పెట్టెలు గోడ పక్కన పడేసి లోపలికి పోయాడు. ఖాళీ పెట్టెలంటే లోపల సర్దుతున్నారన్న మాట, సర్దుతున్నారంటే వీడు దగ్గర నిలబడి చూసుకుంటున్నాడన్న మాట, ప్రతి సీసా మూత తిప్పి చూస్తాడు వాడు, వాడిది అంత జాగ్రత్త. చిన్నప్పుడు స్కూలు పుస్తకాలకు అట్టలు వేసుకున్నా మూలలు సమంగా వచ్చేదాకా ఊరుకునేవాడు కాదు. హోటల్లో చేరిన మొదటి క్రిస్మస్‌కి ఇంటికొచ్చి నారింజ రసం, దానిమ్మ రసం కలవకుండా ఒకదాని మీద ఒకటి పోసి, గ్లాసు అంచుకు నిమ్మచెక్క గుచ్చి జూలీకి ఇచ్చాడు. జూలీ తాగకుండా సాయంత్రం దాకా చూస్తూనే కూర్చుంది. ప్రేమరాజు అప్పటికి ఉన్నాడు. ఆ గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి, దీంట్లో మందు లేదు కదప్పా అని అడిగి, లేదు నాన్నా అంటే నిట్టూర్చాడు, అందరూ నవ్వారు, ఆయన కూడా. బారులో పనిచేస్తే మాత్రం తాగాలని ఉందా, మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా అని ఆగ్నెస్ చర్చిలో అడిగినవాళ్ళందరికీ చెప్పేది. ఎప్పుడు మొదలైందో తెలియదు. మూసే వేళకు బల్లల మీద మిగిలినవి పారబోయాలి, పారబోయడం ఎందుకులే అంటూ మొదలైందని తర్వాత వాడే చెప్పాడు. ఎవరెవరో వదిలేసిన అడుగు చుక్కలు. తండ్రి అయినా తలుపులు బాగుచేసి తాగాడు, కొడుకు ఎంగిలి తాగాడు, అట్లా అనుకుని వెంటనే ఆ మాటకు భయపడి ఆగ్నెస్ కళ్ళు మూసుకుంది. ప్రభువా, నేను అనలేదు, అనుకోలేదు.

పని పోయింది. ఇంకో బారు, అదీ పోయింది. ఇంటికి వచ్చి పడ్డాడు. తండ్రిని పాతిపెట్టిన రోజు కూడా నిలబడలేని స్థితిలో ఉన్నాడు. తర్వాత తమక ఊరి అవతల, ప్రార్థన చేసి తాగుడు మాన్పిస్తారని ఎవరో చెబితే అక్కడ ఉంచింది. వాళ్ళు మంచివాళ్ళు, వాడికి తోటపని ఇచ్చారు, తిరిగొచ్చినప్పుడు చేతులు వణకడం తగ్గింది, బుగ్గలు నిండాయి. ఇంటికి వచ్చిన మొదటిరోజు అడిగాడు, ఎక్కడ ఏం దాచావమ్మా అని, క్రిస్మస్ వైన్ జాడీ గురించి. ఆమె దాన్ని తన అక్క ఎవాంజలిన్ ఇంట్లో దాచింది. చెప్పలేదు. వాడే అన్నాడు, చెప్పొద్దులే, నాకు తెలియకుండా ఉండటమే మేలు. అప్పుడు ఆమెకు ధైర్యం వచ్చింది. ఇంత తెలివిగా మాట్లాడేవాడు మళ్ళీ పడడు అనుకుంది. ప్రేమరాజు కూడా తెలివిగానే మాట్లాడేవాడని అప్పుడు గుర్తు రాలేదు.

ఎండ మోకాళ్ళ దాకా వచ్చింది. బేకరీలో బన్నులు వచ్చినట్టున్నాయి, తియ్యటి వాసన, దాని వెనకాలే రోడ్డు మీంచి షాపు వాసన. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు ఆ కౌంటరు ముందున్న మగవాళ్ళలో మొదట చూసినవాళ్ళు ఎవరూ లేరు, వరస ఎన్నిసార్లు మారిందో. తను ఈ ఎండలో కూర్చుని చేసిందంతా ఒకటే, వాడు రావడం ఎందుకు ఆలస్యమైందో ఒక్కొక్క కారణం కల్పించుకోవడం. ఓనరు భోజనానికి పోయి ఉంటాడు. బిల్లు మెషీను చెడిపోయి ఉంటుంది. రేటు దగ్గర పట్టుదల. ఇంక కారణాలు దొరకడం లేదు. ఒక్కటే మిగిలింది, దాన్ని ఇంతసేపూ మిగతావాటి వెనకాల నిలబెట్టింది.

మునియప్ప వెనక్కి తిరిగాడు. ఆయన ఈసారి టీ గురించి అడగలేదు. "నేను పోయి చూసి రానా?"

"వద్దన్నా. నేనే పోతాను."

"నువ్వెట్లా పోతావమ్మా ఆ మొగోళ్ళలోకి?"

ఆగ్నెస్ దిగింది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి, ఆటో కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడి రోడ్డు దాటింది. కౌంటరు దగ్గర మగవాళ్ళు ఆమెను చూసి పక్కకు జరిగారు, ఎవరో బీడీ కింద పడేశాడు, చర్చికి పోయే వయసు ఆడమనిషి ఇక్కడికి వచ్చిందంటే ఎవరి కోసమో వెతుక్కుంటూ వచ్చిందని వాళ్ళందరికీ తెలుసు, ప్రతివాడూ తన ఇంటివాళ్ళు కాదు కదా అని చూసుకున్నాడు. కమ్మీల అవతల బట్టతల పెద్దమనిషి, ఓనరు ఆదినారాయణప్ప, కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు.

"మా అబ్బాయి వచ్చినాడు. గాడ్విన్. పెళ్ళి ఆర్డర్ చెప్పేదానికి."

"ఓ, మీ అబ్బాయా? అంతా అయిపోయిందమ్మా. శుక్రవారం మధ్యాహ్నం హాలుకే పంపిస్తాము. భలే తెలివైనోడమ్మా, నా దగ్గరే రేటు తగ్గించినాడు." ఆయన సంతోషంగా నవ్వాడు.

"ఇప్పుడు యాడుండాడు?"

"పోయి చానా సేపైందే! ఆ వెనక తలుపు నుంచి పోయినాడు." ఆమె ముఖం చూసి ఆయన నవ్వు కొంచెం తగ్గింది. "ఏంలేదమ్మా, పెద్ద ఆర్డర్ కదా, రెండు మూడు విస్కీలు స్వల్ప టేస్ట్ చూడమని మావాడు పోసిచ్చినాడు. అందరికీ ఇస్తాము. వద్దు వద్దు అనే అన్నాడు పాపం. మర్యాదకి మేమే చూడప్పా, పెళ్ళోళ్ళకి తలనొప్పి రాకూడదు కదా అంటిమి." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వెనక సందులో బారుండాది. అక్కడేమన్నా..."

పాపం అన్నాడు. జూలీ వద్దన్న మాట. ఆయన తప్పు కూడా ఏమీ లేదు. ఆగ్నెస్ సరేనప్పా అంది, ఆయన ఇచ్చిన రసీదు తీసుకుని సంచిలో పెట్టుకుంది, షాపు పక్క సందులోంచి వెనక్కి నడిచింది. అక్కడ ఇంకో తలుపు, అచ్చం ముందరి తలుపు లాంటిదే. ఇంతసేపూ తను కాపలా కాసింది వాడు లేని గదిని.

బారు లోపల పగలు కూడా లైట్లు. టీవీలో ఏదో ఆట. వేయించిన గుడ్ల వాసన, తడి గుడ్డ వాసన. వెయిటరు ఎదురొచ్చి, ఫ్యామిలీకి పైన ఉండాదమ్మా అన్నాడు. ఆమె వాణ్ణి దాటి పోయింది. మూల బల్ల దగ్గర గాడ్విన్ గోడకు ఆనుకుని ఉన్నాడు. తల్లిని చూసి లేచాడు, కుర్చీ వెనక్కి పడబోతే పట్టుకున్నాడు, నిటారుగా నిలబడ్డాడు.

"అమ్మా, ఆర్డర్ సరిగ్గా చెప్పినాను. మిగిలినవి వాపసు తీసుకుంటామన్నారు. ఐసు కూడా మాట్లాడినాను." ఒక్కొక్క మాట విడివిడిగా, ముడతలు లేకుండా చెప్పాలని చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినందుకో, తాగినందుకో.

"కూర్చో."

కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుంది. ప్రేమరాజుకు చెప్పడానికి ఎన్నో ఏళ్ళు వాడిన మాటలు ఉన్నాయి, గొంతు దాకా వచ్చేవి, నోటికి అలవాటైనవి. ఒక్కటీ రాలేదు. అవి పనికిరాని మాటలని అవి వాడుతున్నప్పుడే తెలుసు.

"ఒకటి నోట్లో పోసుకుంటే పోసుకున్నావు. వచ్చేయొచ్చు కదప్పా నా దగ్గరికి."

"వచ్చేద్దామనే లేచినాను. ముందర నువ్వుండావు." గాడ్విన్ బల్ల మీద తడిని వేలితో తుడిచాడు. "నువ్వు వాసన చూస్తావు కదమ్మా. ఆ నోటితో నీ ముందరికి ఎట్లా వచ్చేది? వాసన పొయ్యేదాకా ఇక్కడ కూర్చుందామనుకున్నాను. సుమ్మనే. నీళ్ళు తాగి."

సుమ్మనే, ఊరికే కూర్చోవడానికి వచ్చిన చోటు ఇది. ఆగ్నెస్ పైట చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. రిబ్బన్లు అని అబద్ధం చెప్పకుండా ఇంట్లోనే ఉండి ఉంటే వాడు ఆ ముందరి తలుపులోంచే నడిచి వచ్చేవాడేమో. ఉండి ఉంటే కూడా వచ్చేవాడు కాదేమో. రెండూ ఒకటేలాగా ఉన్నాయి.

"ఆ రోజు తాగనమ్మా. జూలీ మీద ప్రమాణం."

"జూలీ మీద వద్దు."

వాడు తల దించుకున్నాడు.

"ఆ రోజు నువ్వు ఆ బల్ల దగ్గరికి రావద్దు," అంది ఆగ్నెస్.

"ఇంగెవరుండారు?"

వాడు ఎదురు చెప్పడం లేదు, నిజంగానే అడిగాడు. ఆమె వెతికింది. మునియప్ప, సాయంత్రమైతే ఆయనకూ కావాలి. అక్క కొడుకులు, వాళ్ళ సంగతి తెలిసిందే. చర్చి పెద్దలు సీసా ముట్టరు, ముట్టేవాళ్ళు ముట్టినట్టు కనపడరు. ఆస్టిన్ తరఫువాళ్ళు చుట్టాలు, వాళ్ళను అడిగితే అదే పాపం అనే మాట. డబ్బిచ్చి పిలిచే మనిషికి ఇవ్వాల్సిన డబ్బు ఆ రసీదులోకి పోయింది. తను పుట్టిపెరిగిన ఊళ్ళో, ఇంతమంది మగవాళ్ళలో, ఒక సాయంత్రం సీసాల పక్కన నిలబెట్టగలిగిన మనిషి కోసం ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయింది, ముఖాలు అయిపోయాయి.

"నేను నిలబడతాను."

"నువ్వా?" గాడ్విన్ నవ్వబోయి ఆగాడు. "అమ్మా, పెళ్ళికూతురి తల్లి మందు పోస్తుందా? వాళ్ళంతా ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీ. ఎట్లా పోయాలో చూపించు."

వాడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత వెయిటరును పిలిచి పెగ్గు కొలిచే చిన్న స్టీలు గిన్నె అడిగాడు. వెయిటరు ఇద్దరినీ ఒకసారి చూసి తెచ్చి పెట్టాడు. అది నడుము సన్నంగా, అటు ఒక నోరు ఇటు ఒక నోరుతో ఉంది. గాడ్విన్ నీళ్ళ జగ్గు దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ పక్క చిన్నది. ఆ పక్క పెద్దది. మనం చిన్నదే వాడాల. రెండు వేళ్ళ మధ్య పట్టుకో, ఇట్లా. గ్లాసు మీదనే పట్టుకో, పక్కన కాదు, కారిందంటే గ్లాసులోకే పడాల. అంచు దాకా వచ్చినాక ఆపు. ఆపినాక ఒక్కసారిగా తిప్పెయ్యి." చెప్తుంటే వాడి మాటలు కుదురుకున్నాయి, చెయ్యి మాత్రం కుదురుకోలేదు. చూపించడానికి వాడు పోసిన నీళ్ళు గిన్నెలో సగం, బల్ల మీద సగం పడ్డాయి. ఆగ్నెస్ జగ్గు తీసుకుంది. గిన్నె చల్లగా, చిన్నగా, ఆడుకునే వస్తువులాగా ఉంది. పోసింది. అంచు దాకా వచ్చింది. ఆపింది. గ్లాసులోకి తిప్పింది.

"కరెక్ట్," అన్నాడు గాడ్విన్. "మళ్ళీ."

మళ్ళీ పోసింది. పక్క బల్లలవాళ్ళు చూస్తున్నారు. ఆగ్నెస్ వాళ్ళ వైపు చూడలేదు.

"ఎవరన్నా ఎక్కువ పొయ్యమంటే?"

"నవ్వాల. నవ్వి, ఇంతే పొయ్యాల. గొడవ చేసేటట్టుంటే ఐసు ఎక్కువ వెయ్యి."

"తాగి తూలుతా వచ్చినోళ్ళకి?"

"ఫుడ్డు పెట్టేసినారు, తిని రండి అని చెప్పు. తింటే మళ్ళీ రారు." గాడ్విన్ మోచేతులు బల్ల మీద ఆనించి గడ్డం చేతుల్లో పెట్టుకున్నాడు. వాడి దగ్గర నుంచి ఆ వాసన వస్తోంది, ఈసారి వంక పెట్టుకుని దగ్గరికి పోవాల్సిన పని లేకుండానే. ఆమె మూడోసారి గిన్నె ఎత్తింది. వాడు మెల్లగా, దీపం ఆర్పాక పిల్లవాడు అడిగినట్టు అడిగాడు, "నేనొచ్చి అడిగితే ఏం జేస్తావమ్మా?"

ఇవ్వను అనాలి. ఆగ్నెస్ ఆ మాట కోసం లోపల చూసుకుంది, ఉండాల్సిన చోట లేదు. హాల్లో అంత వెలుతురులో, బంధువులంతా ఉండగా, జూలీ తెల్లగౌనులో స్టేజి మీద ఉండగా, వీడు వణికే చేతులతో బల్ల ముందర నిలబడి అడిగితే, గొడవ కాకుండా, ఎవరూ చూడకుండా, వాళ్ళు పాపం అనకుండా. అప్పుడు తన చెయ్యి ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. వాడికి కూడా తెలుసని వాడి కళ్ళలో కనపడింది.

"అమ్మా, నీళ్ళు కారిపోతా ఉండాయి," అన్నాడు గాడ్విన్. "గిన్నె చూసి పొయ్యి."